అరచేతిలో చారు చుక్క

మా కరీంనగర్ వైపు సూరత్ పోవడమంటే బతకపోవడమే. చూడబోవడం అని ఎవరూ అనరు. నా చిన్నప్పుడు మా వీధిలో ఇంటికొకరు సూరత్‌లో మగ్గాల మీద ఉండేవారు. దసరాకి రైలు దిగేవారు, ఇంటిల్లిపాదికీ మెరిసే బట్టలు తెచ్చేవారు, పండగ కాగానే మళ్లీ సంచి సర్దుకునేవారు. ఆ ఊరెట్లా ఉంటుందని అడిగితే, "ఏముంటది? రూము, కార్ఖానా. కార్ఖానా, రూము" అనేవారు. సగం జిల్లా పోయి వచ్చిన ఊరిని చూసినవాళ్లు ఒక్కరూ లేరా అని నాకూ మా దోస్తుకూ పదో తరగతిలోనే విడ్డూరంగా తోచింది. "మనమిద్దరం బ్యాగులేసుకొని పోయి చూసొద్దామే" అనుకున్నాం. అనుకున్న ముప్పై ఆరేళ్లకు, కరోనా రెండోసారి వచ్చి పోయి, మూడోది వస్తుందట అని టీవీలో బెదిరిస్తున్న డిసెంబర్‌లో బయల్దేరాం.

బ్యాగులంటే నిజంగా వీపు మీద వేసుకునే బ్యాగులే. నాది మా అమ్మాయి కాలేజీకి వాడి వదిలేసినది. మా దోస్తుది వాళ్ల తమ్ముడి కొడుకు బడి బ్యాగు, దాని మీద ఎర్రకారు బొమ్మ. చీర మీద ఆ బ్యాగు వేసుకుంటే కొంగు దాని కింద చిక్కుకుని మెడ అటూ ఇటూ తిరగదు. మాస్కులోంచి వచ్చే ఆవిరికి కళ్లద్దాలు మసకబారి దారి కనబడదు. మమ్మల్ని చూసి పక్కింటావిడ గేటు దగ్గరే నిలబడిపోయింది. "ఏమొదినె, ఈ వయసుల బడికి పోతున్నరా?" అంది. మా దోస్తు తగ్గుతుందా? "అవునొదినె, మొన్న పరీక్షలు లేకుండనే అందర్ని పాస్ చేసిండ్రు కద, మేం గూడ రాసుకుందమని" అని నవ్వుతూ ఆటో ఎక్కింది.

వరంగల్‌లో రైలెక్కాం. పెట్టె నిండా మగ్గాలవాళ్లే. లాక్‌డౌన్‌లో నడిచీ లారీలు పట్టుకునీ ఊళ్లకు చేరినవాళ్లు, మళ్లీ పనులు మొదలయ్యాయని తిరిగి పోతున్నారు. ఎదురుగా కూర్చున్నతను మా బ్యాగుల్నీ మమ్మల్నీ కాసేపు చూసి, "బావ ఏ కార్ఖానల ఉన్నడక్కా?" అని అడిగాడు.

"బావ కోసం కాదు తమ్మి. ఊరు చూడ పోతున్నం" అన్నాను.

"సూరత్‌ల ఏమున్నదని చూస్తరు?" అన్నాడు. తర్వాత పక్కవాడి చెవిలో మాకు వినబడేలాగే చెప్పాడు, "మొగడు ఫోన్ ఎత్తుతలేడు గావచ్చు. పాపం, చెప్పుకోలేకపోతున్నరు."

ఇంకేముంది, కబురు పెట్టెంతా పాకింది. మహారాష్ట్రలో అడుగుపెట్టేసరికి మేమిద్దరం సూరత్‌లో తప్పిపోయిన మొగుళ్లను వెతకబోతున్న ఆడవాళ్లమైపోయాం. ఒక ముసలాయన లేచి వచ్చి మా సీటు చివర కూర్చున్నాడు. "పర్వత్ పాటియా బస్తీల మనోళ్లందరు నాకు ఎరుకే బిడ్డా. పేరు చెప్పు, చెవులు పట్టుకొని గుంజుకొస్త" అన్నాడు.

మా దోస్తు తొణకకుండా, "మొగడు కాదు తాతా, నా ముక్కు పోయింది. అది దేవులాడ పోతున్నం" అంది.

ఆయనకు అర్థం కాలేదు. మీకు చెప్పాలి.

మా దోస్తుకు బస్టాండు సందులో ఒక కర్రీ పాయింట్ ఉండేది. ఒక షట్టర్, రెండు పెద్ద పొయ్యిలు. పన్నెండేళ్లుగా హాస్టలు పిల్లలకూ, బ్యాచిలర్లకూ, ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లకూ కూరలు పొట్లాలు కట్టి ఇచ్చేది. భర్త లారీ మీద ఉంటాడు, నెలకు నాలుగు రోజులు ఇంటి పట్టున కనబడతాడు. దుకాణమంతా ఈమెదే. ఆమె వండేటప్పుడు చచ్చినా రుచి చూడదు. "వండే మనిషి నాలుక మీద ఏసుకుంటే కుండంత ఎంగిలే" అని వాళ్లత్త నేర్పింది. ఆ అత్త పోయి ఏళ్లయినా మాట పోలేదు. మరి ఉప్పు ఎట్లా తెలుస్తుందంటే, ఆవిరిలో తెలుస్తుందనేది. ఉప్పుకు వాసనేమిటే అని నేను వెక్కిరించేదాన్ని. మూత తీసి, మొహం వంచి, ఒక్కసారి పీల్చి, "ఇంకో చారెడు" అనేది. అది నూరుపాళ్లూ సరిపోయేది. కొన్నవాళ్లనే అడిగి నేను ఎన్నిసార్లు పరీక్ష పెట్టి ఓడిపోయానో నాకే లెక్క లేదు.

మే నెలలో ఒకే వారంలో మాకందరికీ జ్వరం వచ్చింది. మా ఆయన పోయారు. నేను మిగిలాను. ఆమె కూడా మిగిలింది గాని ముక్కు పోయింది. అగరొత్తి వాసన లేదు, మాడిన వాసన లేదు, మల్లెపూల వాసన లేదు.

ఆ తర్వాత నేను మంచం దిగలేదు. అంటే దిగేదాన్నే, దిగి ఏం చేయాలో తెలియక మళ్లీ ఎక్కేదాన్ని. ఇంట్లో ట్యూషన్లు చెప్పేదాన్ని, పిల్లలంతా ఫోన్లలో చదువులకు పోయారు. మా అమ్మాయి నెల రోజులుండి, సెలవు అయిపోయి, ఏడ్చుకుంటూ హైదరాబాద్ వెళ్లింది. జులైలో ఒకనాడు మా దోస్తు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"రేపటి సంది పొద్దుగాల ఆరింటికి దుకాణం కాడికి రా. నాకు ముక్కు లేదు. ఉప్పు చూసేటోళ్లు గావాలె. నువ్వు రాకుంటే నా దుకాణం మునుగుతది" అంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "తానం చేసి రావాలె. వంట కాడికి గిట్ల జుట్టు ఇరబోసుకొని వస్తే ఊకోను" అంది.

కోపమొచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మొగుడు పోయి రెండు నెలలు కాలేదు, ఈవిడ ఉప్పు గోల నాకెందుకు? అయినా పోయాను. ఆమె దుకాణం మునిగితే ఆ పాపం నాకెందుకని పోయాను. రోజూ ఆరింటికి పప్పు, చారు, రెండు కూరలు దించబోయే ముందు గరిటె ఎత్తి, తగలకుండా పైనుంచి నా అరచేతిలో ఒక చుక్క వేసేది. "ఉప్పు చూడు" అనేది. నేను నాలుకకు రాసుకుని "సరిపోయింది" అనేదాన్ని. ఒక్కోసారి "జర ఎక్కువైంది" అంటే ఓ గ్లాసు నీళ్లు పోసేది. అట్లా ఐదు నెలలు గడిచాయి.

ఈ ఐదు నెలల్లో గిరాకీ సగానికి పడిపోయింది. డిసెంబర్ మొదట్లో షట్టర్ ఓనరు ఒకతన్ని వెంటబెట్టుకొచ్చాడు. అతనికి మొబైల్ షాపు పెట్టుకోవడానికి ఆ షట్టర్ కావాలట. ఉంచుకుంటావో ఇచ్చేస్తావో వచ్చే సోమవారానికి చెప్పమన్నారు. "ఇచ్చావో చూడు! పన్నెండేళ్ల దుకాణమే! గిరాకీ రాకపోతుందా?" అని నేను నానా రభసా చేశాను. ఆమె అవుననలేదు, కాదనలేదు. "గీ నాలుగు రోజులు సూరత్ పోయొద్దాం పా. అక్కడ ఆలోచిస్త" అంది. అదీ మా ప్రయాణం కథ.

రైల్లో నా పులిహోర చుట్టుపక్కల అందరికీ పంచాను. తిన్నవాళ్లంతా పచ్చడి అడిగారు. మగ్గాలవాళ్లకు పచ్చడంటే ఎంత ఇష్టమో అనుకున్నాను.

సూరత్ స్టేషన్ పక్కన లాడ్జిలో దిగాం. రెండు డోసుల కాగితాలూ, ఆధార్ కార్డులూ చూసిన మేనేజరు, "కామ్ సే?", పని మీదా అన్నాడు. "ఘూమ్‌నే", చూడ్డానికే అన్నాను. మా దోస్తు వీపు మీది ఎర్రకారు బొమ్మను చూసి ఇంకేం అడగలేదు.

మొదటి రోజు తాపీ నది ఒడ్డున కోట చూశాం. గోడలు ఏనుగు నడవగలిగినంత మందం. మా దోస్తు గోడ మీద చెయ్యి పెట్టి, "కండ్లు మూసుకొని చెప్పు. ఏం వాసన?" అంది. ఈ ఆట ఆమె రైల్లోనే మొదలుపెట్టింది. నేను తన ముక్కు కావాలి, అంతే.

"తడిసిన రాయి. కొత్త సున్నం" అన్నాను.

"గంతేనా?"

"ఇంకేముంటదే గోడకు!"

కోట నుంచి పాత ఊళ్లోకి నడిచాం. సందులు ఎంత ఇరుకంటే, ఎదురుగా స్కూటర్ వస్తే మేం బ్యాగుల్ని గోడకు ఆనించి బల్లుల్లా అతుక్కోవాలి. పాత ఇళ్లకు ముందువైపంతా చెక్కే. నగిషీలు చెక్కిన దూలాల కింద ఇవాళ్టి చడ్డీలు ఆరుతున్నాయి. ఒక బండి దగ్గర లోచో తిన్నాం. శనగపిండితో చేసిన ఢోక్లా సరిగా గట్టిపడకపోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది, దాని మీద నూనె, సేవ్ అనే సన్న కారప్పూస, ఉల్లిపాయ వేసి ఇస్తారు. సూరత్‌లో తినాలి, కాశీలో చావాలి అని గుజరాతీలు అంటారట, బండివాడు చెప్పాడు. "చచ్చుడైతే మొన్ననే తప్పిపోయింది. ఇంక తినుడే" అని ఆమె రెండో ప్లేటు అడిగింది. ఆమెకు తెలిసేది మెత్తదనం, వేడి, కారం, అంతే. అయినా ఆశగా తినేది.

ఒక మలుపులో బేకరీ ముందు నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. నానఖటాయి బిస్కెట్లు పొయ్యిలోంచి తీస్తున్నారు. నా మొహం చూసి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏమొస్తున్నది? చెప్పు, చెప్పు."

"నెయ్యి వాసన."

"ఏ నెయ్యి? అరిసెల నెయ్యా, మైసూర్‌పాకు నెయ్యా?"

"అబ్బబ్బ! నెయ్యే తల్లీ! పోలీసోళ్లు గూడ ఇట్లా అడగరు!"

ఆమె చెయ్యి వదిలేసింది. బ్యాగు సరిచేసుకుంటున్నట్టు పక్కకు తిరిగింది. నా నోరు పడిపోను, అనుకున్నాను. అక్కడే నిలబడి మళ్లీ గట్టిగా పీల్చాను. మనసు పెట్టి వెతికాను.

"వెన్న కాచి దించినంక గిన్నె అడుగున గోధుమరంగు గసి మిగులుతది చూడు. మనం చిన్నప్పుడు దాంట్ల చక్కెర కలుపుకొని, మీ అమ్మ చూడకముందే తినేటోళ్లం. గది."

మాస్కు పైన ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "గదీ..." అంది. అంతసేపూ పీల్చలేని ఊపిరేదో పీల్చినట్టు ఛాతీ నింపుకుంది. ఆ క్షణం ఆమె మీద నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. చెప్పాను కూడా. "నువ్వంటే నాకు పానమే" అన్నాను. "సరే గని, పావుకిలో కట్టించు" అంది.

మర్నాడు పొద్దున కతార్‌గాం వైపు వెళ్లి పాతకాలపు ఇంగ్లీషువాళ్ల గోరీలూ, డచ్చివాళ్ల గోరీలూ చూశాం. గోరీలంటే మామూలువి కావు. గుమ్మటాలు, స్తంభాలు, పైఅంతస్తు. మన దగ్గర పెద్ద దొరలకు కూడా ఇట్లాంటి ఇళ్లు లేవు. పక్కవాడి గోరీ కంటే మనవాడిది పెద్దగా ఉండాలని పోటీపడి కట్టారట. నీడలో బ్యాగులు దించి కూర్చున్నాం.

"వీళ్లు ఏం పనికొచ్చిండ్రే ఇంత దూరం?" అని అడిగింది.

"బట్టల వ్యాపారానికి. ఇక్కడి బట్ట ఓడల్లో తీసుకపోయేటోళ్లు."

ఆమె గుమ్మటం వైపు చూసింది. "అంటే బతకొచ్చినోళ్లే. మనోళ్ల లెక్క బట్టల పనికే. పాపం, ఇంటికి మళ్లక ఈడ్నే పోయిండ్రు" అంది. తర్వాత లేచి, నిన్న కొన్న పావుకిలోలో మిగిలిన రెండు బిస్కెట్లు ఒక గోరీ మెట్టు మీద పెట్టింది. కావలివాడు కేకలేస్తే తీసి మళ్లీ నోట్లో వేసుకుంది.

అక్కడి నుంచి మధ్యాహ్నానికి పర్వత్ పాటియాలో వాళ్ల తమ్ముడి రూముకు పోయాం. లాక్‌డౌన్‌లో భార్యాబిడ్డల్ని ఊళ్లో దింపి, ఆర్నెల్ల క్రితం ఒక్కడే తిరిగొచ్చాడు. ముగ్గురు మగ్గాలవాళ్లతో కలిసి ఉంటాడు. సందు మొదట్లోంచే మగ్గాల చప్పుడు మొదలైంది. రూములో కూర్చున్నాక కూడా నేల సన్నగా అదురుతూనే ఉంది. అక్క వచ్చిందని అతను ఆ రోజు పనికి పోలేదు. ఆమె కొంగు బిగించి పొయ్యి వైపు నడవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు జిందగీ అంత వండుడే అక్కా. ఇయ్యాల కూసో" అన్నాడు. కోడికూర, పచ్చిపులుసు అతనే చేశాడు.

అందరం కింద కూర్చున్నాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నా మొహం మారిపోయింది. నాకసలు దాచుకోవడం రాదు.

"ఇంత ఉప్పేంది తమ్మి! ఉప్పుబస్తా పగిలిందా?"

నలుగురు మగవాళ్లూ తినడం ఆపారు. వాళ్లల్లో ఒకతను భయంభయంగా, "ఉప్పా? నాకు జర తక్కువైనట్టు ఉన్నదక్కా" అని, పక్కనున్న ఉప్పు డబ్బా తీసి తన కంచంలో ఇంకాస్త వేసుకున్నాడు. ఇంకొకతను అదే డబ్బా అందుకున్నాడు.

"ఆమెకు కారం తలిగి ఉప్పు అంటున్నది. తినుండ్రి, తినుండ్రి" అంది మా దోస్తు, తల ఎత్తకుండా, గబగబా.

నాకు కారం తగల్లేదు. ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. మా ఆయనకు పదేళ్ల కింద కిడ్నీలు దెబ్బతిన్నాయి. డాక్టర్ ఉప్పు మాన్పించాడు. ఒక ఇంట్లో రెండు కూరలెందుకని, ఆయన ముందు కూర్చుని నేనొక్కదాన్నీ ఉప్పు వేసుకుని తినడం ఏం న్యాయమని, నేనూ ఆయన కూరే తిన్నాను. మొదట్లో గొంతు దిగేది కాదు. తర్వాత అలవాటైంది. తర్వాత అదే రుచైంది. ఆయన పోయాక కూడా అట్లాగే వండుకుంటున్నాను. మనిషి పోయాడు గాని ఆయన నాలుక నా నోట్లోనే ఉండిపోయింది. ఆ నాలుకతో నేను ఐదు నెలలుగా ఊరందరి కూరలకు ఉప్పు చూస్తున్నాను!

అప్పుడే వాళ్ల తమ్ముడు, "గిరాకీ ఎట్లున్నదక్కా?" అని అడిగాడు. "ఏం గిరాకీరా, సగం లేదు" అంది ఆమె. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను కంచంలోకి చూశాను. హాస్టళ్లు మూతపడ్డాయనీ, బయటి తిండంటే జనం భయపడుతున్నారనీ ఆమె ఏవో కారణాలు చెబుతోంది. నాకవేవీ ఎక్కలేదు. చప్పిడి కూర డబ్బులు పెట్టి ఎవరు కొంటారు? పన్నెండేళ్ల దుకాణాన్ని ముంచింది కరోనా కాదు, నేను. పైగా ఇచ్చేయొద్దని గొంతు చించుకున్నదాన్నీ నేనే. సోమవారం ఇంక మూడు రోజులే ఉంది. ఆమె తన చేతిలో పనితనం పోయిందనుకుని షట్టర్ ఇచ్చేస్తే? అది తెలిసీ నేను నోరు మూసుకుంటే, నేనేం మనిషిని?

ఆ సాయంత్రమంతా మింగలేక, కక్కలేక గడిపాను.

మూడో రోజు మధ్యాహ్నం మా రైలు. పొద్దున్నే బ్యాగులు వేసుకుని తాపీ అవతలి ఒడ్డుకు పోయాం. చలికాలం అక్కడ పోంక్ అమ్ముతారు. మన పచ్చజొన్న ఊసబియ్యమే. కంకుల్ని నిప్పుల బూడిదలో కాల్చి, గుడ్డలో వేసి కొడితే ఆకుపచ్చ గింజలు రాలతాయి. దాంట్లో సేవ్ కలిపి, నిమ్మకాయ పిండి ఇచ్చారు. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. పొగ మా మీదికే వస్తోంది. ఆమె పొగలోకి మొహం పెట్టి పీల్చింది. కాసేపు ఆగింది. తల అడ్డంగా ఊపింది.

"చెప్పు. మన చేన్ల వాసనేనా?"

నేను వాసన చెప్పలేదు. ఉన్నదంతా కక్కేశాను. మా ఆయన కిడ్నీలు, పదేళ్ల చప్పిడి తిండి, రైల్లో పులిహోర, నిన్నటి కోడికూర. "నీ చెయ్యి పాడు కాలేదే. నా నాలుక పాడైంది. నీ గిరాకీని ముంచింది నేనే. షట్టర్ ఇయ్యకు. ఉప్పు చూసేందుకు ఇంకొకరిని పెట్టుకో. నన్ను తిట్టు, కొట్టు, గని దుకాణం ఇయ్యకు" అన్నాను. ఏడ్చాను కూడా. పోంక్ అమ్మేవాడు మంచినీళ్ల సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆమె గింజలు నములుతూనే ఉంది. నమిలి మింగి, "అయిందా?" అంది.

"ఏం అయిందా?"

"నీ నాలుక సంగతి నాకు మొదటి వారమే ఎరుక. మధ్యాన్నం నేను అన్నం తింటలేనా? ముక్కు పోయింది గని నాలుక మీద ఉప్పు తెలుస్తనే ఉన్నది. చప్పగుంది. ఏందా అనుకుంటే, మీ ఇంటి కూర యాదికొచ్చింది. గంతే. నువ్వు సరిపోయింది అని ఇంటికి పోయినంక, నేను ఇంకో రెండు చారెలు ఏస్తున్న. గిరాకీ నీతోని పోలే. హాస్టళ్లు మూసిండ్రు గావట్టి పోయింది."

నా బుర్ర తిరిగిపోయింది. "మరి... ఉప్పు ఎంత వెయ్యాల్నో నీకు ఎరుకే అయితే... నన్ను రోజూ ఎందుకు రమ్మన్నవే?"

ఆమె నా వైపు చూడలేదు. నది వైపు చూసింది.

"రమ్మనకపోతే నువ్వు మంచం దిగుతుంటివా?"

సంతోషించాలి కదా? నాకు ఒళ్లు మండిపోయింది. ఐదు నెలలు! చలిలో, వానలో, తలస్నానం చేసి, తడి జుట్టుతో, దుకాణాన్ని నేనే నిలబెడుతున్నానని ఛాతీ విరుచుకుని నడిచిపోయాను. "నన్ను ఎర్రిదాన్ని చేసినవ్! బొమ్మను చేసి ఆడిచ్చినవ్!" అని అరిచి, చేతిలో పొట్లం బల్ల మీద కొట్టి, విసవిసా వంతెన ఎక్కాను. తిట్టుకుంటూ సగం వంతెన దాటాను. అప్పుడు గాని వీపు తేలిగ్గా ఉందన్న సంగతి తెలియలేదు. బ్యాగు అక్కడే మరిచిపోయాను.

వెనక్కి తిరిగాను. ఆమె వస్తోంది. వీపు మీద ఎర్రకారు బ్యాగు, ఛాతీ మీద నా బ్యాగు, ఒక చేతిలో పోంక్ పొట్లం. జ్వరం తర్వాత ఆమెకు పది అడుగులు గబగబా వేస్తే ఆయాసం. ఆగి, రెయిలింగ్ పట్టుకుని, మళ్లీ నాలుగడుగులు వేస్తోంది. నేను పరుగెత్తాను.

"జర మెల్లగ అలుగవే... నాకు దమ్ము అందుతలేదు" అంది.

ఆమెను పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ముందు ఒక బ్యాగు, వెనక ఒక బ్యాగు. మధ్యలో ఆమెను సరిగ్గా కావలించుకోవడానికి కూడా కుదరలేదు. కింద తాపీ నెమ్మదిగా పోతోంది. ఆమె ఊపిరి సర్దుకునేదాకా ఆగి అడిగాను.

"నిజం చెప్పు. ఆ షట్టర్ ఉంచుకోవాలని నీకున్నదా?"

"లేదే. ముక్కు లేకుండ వంద మందికి వండుడు నాతోని అయితలేదు. పోపు మాడిందా తెల్వదు. పప్పు పులిసిందా తెల్వదు. ఎవలకన్న వాంతులైతే ఎట్లా అని రోజు పొద్దుగాల కాళ్లు వణుకుతయ్. మూడు నెలల కిందనే ఇచ్చేద్దామనుకున్న."

"మరి ఇయ్యలేదేం?"

"ఇచ్చేస్తే పొద్దుగాల ఆరింటికి నువ్వు యాడికి వస్తవ్?"

షట్టర్ ఇయ్యొద్దని నేను చేసిన రభసంతా గుర్తొచ్చింది. ఆమె కోసమే అరుస్తున్నానని నమ్మాను. కాదు. ఆరింటికి నాకొక చోటు కావాలి. ఆ చోటు కోసం ఆమె రోజూ పొద్దున భయంతో వణుకుతూ వందమందికి వండింది.

"ఇచ్చెయ్" అన్నాను.

"ఊకె కోపంల అంటున్నవ్."

"కోపంల కాదు. ఇచ్చెయ్. నీ ఇంట్ల పొయ్యి లేదా? ఆడికే వస్త."

అప్పుడు ఏడ్చింది. జ్వరమప్పుడు ఏడవలేదు. మా ఆయన పోయినప్పుడు నా ముందు ఏడవలేదు. ముక్కు పోయినప్పుడు జోకులేసింది. సూరత్ వంతెన మీద బస్సులూ స్కూటర్లూ పోతుంటే, నా భుజం మీద మొహం పెట్టుకుని మాస్కు తడిసేదాకా ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "తానం చేసి వస్తవా?" అంది.

"చేసే వస్త."

సోమవారం ఆమె షట్టర్ తాళాలు ఇచ్చేసింది. నేను పక్కనే ఉన్నాను. పెద్ద గిన్నెలు వాళ్ల తమ్ముడి భార్య పట్టుకుపోయింది. ఒక్క గరిటె మాత్రం మా దోస్తు చేతిలో పెట్టుకుని ఇంటికి నడిచింది.

మంగళవారం నన్నెవరూ లేపలేదు. ఐదింటికి మెలకువ వచ్చింది. మంచం మీద కూర్చుని కాసేపు గోడ చూశాను. ఇవాళ నేను పోకపోతే ఎవరి దుకాణమూ మునగదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. లేచాను. తలస్నానం చేసి, జుట్టు ముడేసుకుని బయల్దేరాను. బస్టాండు సందులో షట్టర్ మూసే ఉంది. దాన్ని దాటి వాళ్లింటికి పోయాను.

తలుపు తీసే ఉంది. పొయ్యి మీద చిన్న గిన్నెలో, ఇద్దరికి సరిపడా, చారు మరుగుతోంది. నన్ను చూసి ఆమె గరిటె ఎత్తింది. నేను అరచెయ్యి చాపాను.

"ఉప్పు చూడు" అంది.

నాలుకకు రాసుకున్నాను. "సరిపోయింది" అన్నాను.

నా కళ్లముందే, దాచకుండా, ఒక పెద్ద చిటికెడు తీసి చారులో వేసింది. కలిపి మళ్లీ నా అరచేతిలో చుక్క వేసింది. "ఇప్పుడు?"

"అబ్బ! ఉప్పుకషాయం!"

"గట్లయితే సరిపోయింది" అని గిన్నె దించింది.